మెయిన్ లేని ప్రోగ్రాము



పోయిన నెల పూర్వ విద్యార్థుల సమావేశానికి వచ్చినవారికి ఆ చర్చ గుర్తుండే ఉంటుంది. అన్నలందరూ కలిసి పోగు చేసిన 60,000 రూపాయలతో హాస్టల్ పిల్లలకు కంప్యూటరు విద్య చెప్పించాలన్నారు. అంతవరకు అందరిదీ ఒకటే మాట. ఎలా చెప్పించాలన్న దగ్గర మాట రెండుగా చీలింది. నగరంలో ఒక శిక్షణ సంస్థలో పన్నెండు మందికి ఫీజు కట్టి, మూడు నెలల కోర్సు చేయిస్తే సర్టిఫికెట్లు చేతికొస్తాయని ఎక్కువమంది అన్నారు. మేము ముగ్గురం వద్దన్నాం. ఎందుకు వద్దంటున్నామో చెప్పేలోపే భోజనాల గంట కొట్టారు. గంట కొట్టాక ఎవరు మాత్రం ఆగుతారు? సంచిక సంపాదకులు ఈ పేజీలు ఇచ్చారు కనుక ఆ రోజు మింగేసిన మాట ఇక్కడ చెబుతున్నాం.

మేము ఈ హాస్టల్లోనే ఇంటరు, డిగ్రీ చదివి ఇప్పుడు పీజీ చివరి సంవత్సరంలో ఉన్నాం. మా ఇళ్లల్లో కాలేజీ మెట్లెక్కినవాళ్లం మేమే మొదటివాళ్లం కాబట్టి ఏ కోర్సు మంచిదో అడగడానికి మాకు గోడమీద కరపత్రం తప్ప వేరే దిక్కు లేకపోయింది. కరపత్రంలో ఎన్ని పేర్లుంటే అంత మంచి కోర్సు అనుకున్నాం. మాలో ఒకడు అట్లా మూడు సర్టిఫికెట్లు తెచ్చుకున్నాడు. అతని ఇంటర్వ్యూ కథ తర్వాత చెబుతాం.

ముందు ఒక సంగతి. మనకు ల్యాబులో నేర్పే ప్రోగ్రాము ఎలా ఉంటుంది? మెయిన్ అని మొదలవుతుంది. రెండు అంకెలు అడుగుతుంది. కూడుతుంది. చూపిస్తుంది. అయిపోతుంది. రికార్డు పుస్తకంలో రాసి సంతకం పెట్టించుకుంటాం. డిగ్రీ మూడేళ్లూ ఇదే తంతు. పైనుంచి కిందికి, ఒక వరుస తర్వాత ఇంకో వరుస. ప్రోగ్రాము అడిగినప్పుడు మనిషి జవాబు చెప్పాలి, అంతవరకు ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూస్తూ కూర్చోవాలి.

కానీ మన జేబులో ఉన్న ఫోను అట్లా పనిచేయదు కదా. అది మనల్ని ఏమీ అడగదు. మనం ముట్టుకుంటే పలుకుతుంది, కాల్ వస్తే మోగుతుంది, ఛార్జింగు అయిపోతే చెబుతుంది, మిగతా సమయమంతా ఊరికే ఉంటుంది. అందులో మొదలు ఎక్కడ, చివర ఎక్కడ? ఈ ప్రశ్న మాకు డిగ్రీ మూడేళ్లలో ఒక్కసారి కూడా రాలేదంటే నమ్మండి. రాకపోవడం మా తప్పు కొంత, నేర్పిన పద్ధతి తప్పు కొంత.

నిజానికి హాస్టల్లో ఉన్నవాడికి ఇది కొత్తగా చెప్పాల్సిన విషయం కాదు. నీళ్ల సంగతే తీసుకోండి. ట్యాంకు ఖాళీ అయిన రోజు రెండు పద్ధతులుంటాయి. పది నిమిషాలకోసారి కుళాయి దగ్గరికి పోయి తిప్పి చూసి రావడం ఒకటి. కింద ఉన్నవాడికి "తమ్ముడూ, నీళ్లొస్తే కేకెయ్యి" అని చెప్పి వచ్చి చదువుకోవడం రెండోది. మొదటి పద్ధతిలో చదువూ సాగదు, నీళ్లూ తొందరగా రావు. కంప్యూటరువాళ్లు ఆ కేకను ఈవెంటు అంటారు. కేక వినగానే మనం చేసే పనిని హ్యాండ్లరు అంటారు. కేకల కోసం చెవి ఒగ్గి కూర్చుని, వచ్చినదాన్ని వచ్చిన వరుసలో అందజేసే యంత్రాంగాన్ని ఈవెంట్ లూపు అంటారు. ఇంతకు మించి ఇందులో బ్రహ్మవిద్య లేదు. అయితే ఇది తెలుసుకోవడం వేరు, చేతికి రావడం వేరు. మాకు చేతికి వచ్చింది టిసిఎల్ అనే ఒక పాత భాష వల్ల.

టిసిఎల్‌ను ఇంగ్లిషువాళ్లు టికిల్ అని పలుకుతారు. ఆ మాటకు కితకితలు అని అర్థం. జూనియర్లు దీనికి కితకితల భాష అని పేరు పెట్టారు, మేమూ కాదనలేదు. అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో జాన్ ఔస్టర్‌హౌట్ అనే ఆచార్యుడు 1988లో దీన్ని రాయడం మొదలుపెట్టాడు. కారణం చాలా మామూలుది. ఆయనా, ఆయన శిష్యులూ చిప్పుల డిజైనుకు మ్యాజిక్ వంటి పనిముట్లు తయారుచేసేవారు. ప్రతి పనిముట్టుకూ ఆదేశాలివ్వడానికి ఒక చిన్న భాష కావాలి. ప్రతిసారీ హడావుడిగా ఒక నాసిరకం భాష రాసి పడేసేవారు. ఒకదానికోసం నేర్చుకున్నది ఇంకోదానికి పనికొచ్చేది కాదు. ఒకే భాషను సరిగ్గా రాసి, దాన్ని సి ప్రోగ్రాముల్లో ఎక్కడైనా అమర్చుకునే లైబ్రరీగా చేస్తే ఈ బాధ తప్పుతుందని ఆయనకు తోచింది. అంటే ఇది పుట్టినప్పుడే ఒంటరిగా బతకడానికి పుట్టలేదు. ఇంకొకరి ప్రోగ్రాములో కూర్చోవడానికి, ఇంకొకరిని తనలో కూర్చోబెట్టుకోవడానికి పుట్టింది. ఆ తర్వాత కిటికీలు, బటన్లు చేయడానికి టికె అనే విస్తరణను కూడా ఆయనే రాశాడు. 1997లో ఏసీఎం సంస్థ వారి సాఫ్ట్‌వేర్ సిస్టమ్ అవార్డు ఈ రెంటికీ కలిపి ఆయనకు వచ్చింది.

విస్తరణ అంటే ఎక్స్‌టెన్షన్. ఇది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మాకు ఈ భాషలో అన్నిటికన్నా నచ్చింది ఇదే. మామూలు భాషల్లో ఇఫ్, వైల్ వంటి మాటలు భాషకు చెందిన రాజులు. మనం రాసుకున్న ఫంక్షన్లు వాటి కింద పనిచేసే కూలీలు. టిసిఎల్‌లో అట్లా కాదు. అక్కడ ఇఫ్ కూడా ఒక కమాండే, వైల్ కూడా ఒక కమాండే. వరుసలో మొదటి మాట కమాండు, తర్వాతివి దానికిచ్చే సరుకు. అంతే వ్యాకరణం. మనం సి భాషలో ఒక ఫంక్షను రాసి, దానికి ఒక పేరు పెట్టి నమోదు చేస్తే, ఆ క్షణం నుంచి అది కూడా ఇఫ్, వైల్ పక్కనే కూర్చుంటుంది. దాన్ని పిలిచే తీరులో తేడా ఉండదు. కొత్తగా వచ్చినవాడికి వేరే పంక్తి లేదు. పంక్తి అంటే ఏమిటో ఈ హాస్టల్లో ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు కాబట్టి ఆ మాట వాడాం.

1996లో వచ్చిన 7.5తో రెండు పెద్ద మార్పులు జరిగాయి. ఒకటి, లోడ్ అనే కమాండు. భాషను తిరిగి తయారుచేయకుండానే, నడుస్తున్నప్పుడే, బయట సిద్ధం చేసుకున్న విస్తరణ ఫైలును లోపలికి పిలుచుకోవచ్చు. రెండు, అప్పటిదాకా కిటికీల కోసం టికెలో ఉన్న ఈవెంట్ లూపు టిసిఎల్ లోపలికే వచ్చింది. దాంతో కిటికీ లేని ప్రోగ్రాము కూడా నెట్‌వర్కు కేకలకూ, గడియారం కేకలకూ చెవి ఒగ్గగలిగింది.

ఆ సంవత్సరమే జనవరిలో ఔస్టర్‌హౌట్ యూసెనిక్స్ సభలో ఒక ప్రసంగం చేశాడు. ఎక్కువ పనులకు థ్రెడ్లు మంచి ఆలోచన కాదన్నది దాని శీర్షిక. థ్రెడ్లంటే ఒకే ప్రోగ్రాములో ఒకేసారి నడిచే అనేక చేతులు. మన వంటగదిలో ఇద్దరు వంటవాళ్లు ఒకరికొకరు చెప్పుకోకుండా ఒకే గుండిగలో ఉప్పు వేస్తే ఏమవుతుందో థ్రెడ్లలో అదే అవుతుంది. ఈవెంటు పద్ధతిలో ఒక్క చెయ్యే ఉంటుంది. ఒక పని పూర్తయ్యాకే ఇంకో పని. కనుక ఉప్పు రెండుసార్లు పడదు. ఇది విన్నాక మేము కూడా అదే అనుకున్నాం. పడదనే అనుకున్నాం.

ఇక మా మెస్సు లెక్క సంగతి.

డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా రాత్రి భోజనానికి ఎంతమంది ఉన్నారో లెక్క తీయడానికి టిసిఎల్, టికెలతో చిన్న ప్రోగ్రాము రాశాం. స్టడీ హాల్లో ఉన్న పాత కంప్యూటరులో అదొక్కటే హాయిగా నడిచేది. సాయంత్రం ప్రతి గది లీడరు వచ్చి గది నంబరు, ఉన్నవాళ్ల సంఖ్య కొట్టి "చేర్చు" అనే బటను నొక్కాలి. కరెంటు పోతే లెక్క పోకూడదని, నొక్కిన ప్రతిసారీ మొత్తం ఫైలును పెన్‌డ్రైవులోకి నకలు తీసేలా పెట్టాం. ఆ పెన్‌డ్రైవు ముసలిది. నకలుకు ఐదారు సెకన్లు పట్టేది. అంతసేపూ తెర బిగుసుకుపోయేది.

మొదటి వారం అంతా బాగుంది. రెండో వారంలో ఒక రాత్రి లెక్క 103 వచ్చింది. తలలు లెక్కపెడితే 96. అన్నం మిగిలిపోయింది. వంటాయన మమ్మల్ని పిలిచి, "ఏందయ్యా, మీ డబ్బా ఏడుగుర్ని ఎక్కువ కన్నది?" అన్నాడు. అందరూ నవ్వారు గానీ వార్డెన్ సారు నవ్వలేదు. ఆయన బాధ ఆయనది. హాస్టల్లో బియ్యం లెక్క అంటే ఆడిట్ లెక్క. ఏడు ప్లేట్లు ఎక్కువ రాసి ఉంటే రేపు తనిఖీలో ఆ ఏడుగురు ఎవరని అడుగుతారు. పిల్లలు రాసిన ప్రోగ్రాము తప్పు లెక్క చూపిందంటే వినేవాళ్లెవరు?

మూడో గదిలో ఏడుగురుంటారు. ఆ గది లీడరు బటను నొక్కాడు, తెర కదల్లేదు, పడలేదేమోనని ఇంకోసారి నొక్కాడు. అంతే జరిగింది. తెర బిగుసుకున్నంత మాత్రాన నొక్కిన నొక్కు ఎక్కడికీ పోదు. కంప్యూటరు దాన్ని వరుసలో పెట్టుకుంటుంది. మొదటి పని అయిపోగానే రెండో నొక్కును అందిస్తుంది. ఏడుకు ఏడు కలిసింది.

తేలిగ్గా సరిచేయొచ్చనుకున్నాం. హ్యాండ్లరు మొదట్లో బటనును నిద్రపుచ్చి, నకలు అయ్యాక చివర్లో లేపాం. తెల్లారి మళ్లీ అదే తప్పు. ఇది మాకు రెండు రోజులు అర్థం కాలేదు. బటను నిద్రపోతుంటే నొక్కు ఎలా పడింది? చూస్తే, నొక్కు అందేది బటను నిద్రలో ఉన్నప్పుడు కాదు. మా హ్యాండ్లరు లూపుకు పగ్గాలు తిరిగి ఇచ్చినప్పుడే వరుసలో ఉన్న నొక్కును లూపు తీసి చూస్తుంది. అప్పటికి మేము బటనును లేపేశాం. మేలుకుని ఉన్న బటను మీద పాత నొక్కు వచ్చి పడుతోంది. ఒకే హ్యాండ్లరులో నిద్రపుచ్చి అందులోనే లేపితే, లూపు దృష్టిలో అది అసలు నిద్రే పోలేదన్నమాట.

తర్వాత ఎవరో చెబితే అప్‌డేట్ అనే కమాండు వాడాం. నకలును ముక్కలు చేసి, ముక్కకూ ముక్కకూ మధ్య "ఏమైనా కేకలుంటే ఇప్పుడే చూసుకో" అని లూపుకు చెప్పడం దీని పని. తెర కదిలింది, రెండో నొక్కు నిద్రపోతున్న బటను మీద పడి వృథా అయింది, మాకు ప్రాణం లేచొచ్చింది. రెండు రోజులకు ఒక పిల్లవాడు నకలు సగంలో ఉండగా కిటికీ మూసేశాడు. ఆ కేక కూడా మధ్యలోనే అందింది. కిటికీ పోయింది, దానితోపాటు బటనూ పోయింది. మా హ్యాండ్లరు మిగతా సగం పూర్తిచేసి వచ్చి, లేని బటనును లేపబోయి, అట్లాంటి కమాండే లేదని తిట్టు తిన్నది. ఒక్క చెయ్యే ఉంది కాబట్టి ఉప్పు రెండుసార్లు పడదనుకున్నాం కదా. ఆ ఒక్క చెయ్యే పని మధ్యలో వదిలి ఇంకో పని అందుకుంటే ఇద్దరు వంటవాళ్లున్నట్టే లెక్క. అప్‌డేట్ వాడవద్దని జూనియర్లకు మేము అరిచి చెప్పేది అందుకే. పెద్దలు రాసిన పుస్తకాల్లో ఈ హెచ్చరిక ఉంటుంది, కానీ అన్నం మిగిలితే గానీ ఎక్కలేదు మాకు.

సరైన దారి చివరికి దొరికింది. నకలు తీసే పనిని వేరే ప్రోగ్రాముకు అప్పగించి, దానితో మాకు ఒక గొట్టం లాంటిది ఏర్పాటు చేసుకున్నాం. ఫైల్‌ఈవెంట్ అనే కమాండుతో "ఈ గొట్టంలోంచి ఏదైనా వస్తే, లేదా గొట్టం మూసుకుంటే ఫలానా హ్యాండ్లరును పిలువు" అని లూపుకు చెప్పి, మా హ్యాండ్లరు వెంటనే వచ్చేసింది. బటను నిద్రలోనే ఉంటుంది. దాన్ని లేపేది గొట్టం మూసుకున్నప్పుడు పిలిచే రెండో హ్యాండ్లరు. ఈ మధ్యలో తెర కదులుతూనే ఉంటుంది. నకలు అవుతుండగా కిటికీ మూయబోతే "కొంచెం ఆగు" అని చెప్పే హ్యాండ్లరు ఇంకోటి. మొత్తం మార్పు ఇరవై వరుసలు దాటలేదు. కానీ ఆ ఇరవై వరుసలు రాసేనాటికి, ప్రోగ్రాము అంటే పైనుంచి కిందికి పారే కాలువ కాదని మా ఒంటికి పట్టింది. ఎవరు ఎవరిని పిలుస్తారు, పిలిచినవాడు ఎప్పుడు తిరిగొస్తాడు, ఆ లోపు ఏం మారిపోయి ఉంటుంది? ఈ మూడూ అడుక్కోకుండా ఇప్పుడు మేము ఒక్క వరుస రాయం.

ఇప్పుడు ఆ ఇంటర్వ్యూ కథ. ఒక కంపెనీవాళ్లు మా కాలేజీకి వచ్చారు. మా మూడు సర్టిఫికెట్ల మిత్రుడికి జావాస్క్రిప్టులో ఒక చిన్న ముక్క చూపించారు. మొదటి వరుస "ఒకటి" అని చూపిస్తుంది. రెండో వరుసలో సెట్‌టైమౌట్‌తో, సున్నా మిల్లీసెకన్ల తర్వాత "రెండు" చూపించమని ఉంది. మూడో వరుస "మూడు" అని చూపిస్తుంది. ఏ వరుసలో కనబడతాయి? సున్నా అంటే వెంటనే కదా అని మా వాడు ఒకటి, రెండు, మూడు అన్నాడు. తప్పు. సున్నా అన్నా సరే, అది వరుసలో నిలబడాల్సిందే. చేతిలో ఉన్న పని పూర్తయ్యాకే లూపు దాన్ని తీస్తుంది. ఒకటి, మూడు, రెండు. అదే ప్రశ్న మాలో ఇంకొకడికి వచ్చింది. వాడికి జావాస్క్రిప్టు రాదు. అయినా టిసిఎల్‌లో ఆఫ్టర్ 0 అని రాస్తే ఏమవుతుందో మెస్సు లెక్కలో చూసి ఉన్నాడు కాబట్టి సరిగ్గా చెప్పాడు. మొదటివాడు తెలివి తక్కువవాడు కాదు, మాకన్నా మార్కులు ఎక్కువ. మూడు కోర్సుల్లోనూ అతనికి జావాస్క్రిప్టు వ్యాకరణం చెప్పారు, నోట్సు ఇచ్చారు, లూపు సంగతి చెప్పలేదు. ఆ మూడు కోర్సుల ఫీజుకు వాళ్ల నాన్న రెండు మేకలు అమ్మాడు. మేము ఆ రోజు సమావేశంలో చెప్పాలనుకున్నది ఇదే.

"ఇప్పుడు టిసిఎల్ ఎవడు అడుగుతున్నాడు? పైథాను, జావాస్క్రిప్టు కదా ఉద్యోగాలిచ్చేది" అని ఒక అన్న అన్నాడు. నిజమే. మేము దాన్ని నెత్తిన పెట్టుకోమనడం లేదు. ఆ భాషలో లోపాలు మాకు బాగా తెలుసు. బ్రేసులు, కోట్లు ఎక్కడ పెట్టాలో తెలియక తల గోడకేసి కొట్టుకున్న రాత్రులున్నాయి. కామెంటులో ఒక బ్రేసు ఎక్కువైతే ప్రోగ్రాము చెడిపోయే భాష అది! తప్పు రాసినా ఆ వరుస దాకా వెళ్లేవరకు చెప్పదు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఉద్యమానికి ఆద్యుడైన రిచర్డ్ స్టాల్‌మన్ అయితే 1994లోనే టిసిఎల్ వాడవద్దని బహిరంగంగా రాశాడు. పెద్ద ప్రోగ్రాములకు ఇది సరిపోదన్నది ఆయన వాదన. అందులో న్యాయం ఉంది.

కానీ ఎవరూ అడగరన్న మాట మాత్రం ఒప్పుకోం. మన ల్యాబుల్లో పైథాను నేర్పేటప్పుడు తెరిచే ఐడిల్ అనే కిటికీ ఉంది కదా, దాన్ని టికింటర్‌తో కట్టారు. టికింటర్ లోపల ఒక టిసిఎల్ ఇంటర్‌ప్రెటరు నడుస్తూ ఉంటుంది. పైథాను నేర్చుకుంటున్నామనుకున్న రోజుల్లోనే మనం టిసిఎల్ కిటికీలో కూర్చున్నాం. ప్రతి ఆండ్రాయిడ్ ఫోనులో ఎస్క్యూలైట్ అనే డేటాబేసు ఉంటుంది. రిచర్డ్ హిప్ 2000లో దాన్ని మొదట టిసిఎల్‌కు ఒక విస్తరణగానే రాశాడు. అది అక్కడినుంచి తప్పించుకుని లోకం మీద పడిందని ఆయనే సరదాగా అంటాడు. ఇప్పటికీ దాని పరీక్షలు చాలావరకు టిసిఎల్‌లోనే ఉన్నాయి. ఎంటెక్, ఎంసీఏ ప్రాజెక్టుల్లో మన అన్నలు ఎందరో వాడిన ఎన్ఎస్-2 నెట్‌వర్కు సిమ్యులేటరులో రాసే స్క్రిప్టులు టిసిఎల్‌కు ఓటిసిఎల్ అనే విస్తరణలో ఉంటాయి. ఫలానా సెకనులో ఫలానా పని చేయమని అందులో రాసే వరుస కూడా ఈవెంటే. అర్థం కాకుండా జిరాక్సు తెచ్చి అప్పజెప్పినవాళ్లు తమలో తాము నవ్వుకోవచ్చు.

అన్నిటికన్నా ముఖ్యం చిప్పుల డిజైను. టిసిఎల్ పుట్టిన ఇల్లు అదే, ఈ రోజుకూ అది అక్కడే స్థిరంగా ఉంది. సినాప్సిస్, కేడెన్స్ వారి పనిముట్లకు ఆదేశాలిచ్చేది టిసిఎల్‌లో. చిప్పులో గడియారం ఎంత వేగంగా కొట్టాలో చెప్పే ఎస్‌డీసీ ఫైళ్లు టిసిఎల్ రూపంలోనే ఉంటాయి. జైలింక్స్ సంస్థ 2012లో వివాడో అనే పనిముట్టు తెచ్చినప్పుడు దానికీ టిసిఎల్‌నే పెట్టింది. ఆ జైలింక్స్‌కు హైదరాబాదులో పెద్ద కార్యాలయం ఉండేది, 2022లో అది ఏఎండీలో కలిసింది. అంటే మన ఊరి బస్సెక్కితే చేరే దూరంలో ఈ భాషతో అన్నం తింటున్న ఇంజనీర్లున్నారు. ఈసీఈ చదివే తమ్ముళ్లు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి. 1997లో వచ్చిన 8.0 తర్వాత 27 ఏళ్లకు, 2024 సెప్టెంబరులో టిసిఎల్ 9.0 వచ్చింది. చచ్చిపోయిన భాషకు కొత్త సంచిక ఎవరు వేస్తారు?

విస్తరణ రాసిన అనుభవం కూడా ఒకటి చెప్పాలి. స్కాలర్‌షిప్పు దరఖాస్తుల్లో ఆధార్ నంబరులో ఒక అంకె తప్పు కొట్టి, నెలలపాటు తిరిగినవాళ్లు ప్రతి ఏడాదీ ఇద్దరు ముగ్గురుంటారు. ఆధార్‌లో పన్నెండో అంకె ఊరికే ఉండదు. మొదటి పదకొండింటి నుంచి వెర్‌హోఫ్ పద్ధతిలో లెక్కగట్టి పెట్టిన అంకె అది. ఒక అంకె తప్పు పడినా, పక్కపక్క అంకెలు రెండు తారుమారైనా ఈ పద్ధతి పట్టేస్తుంది. 1969లో జాకోబస్ వెర్‌హోఫ్ అనే డచ్చి గణితజ్ఞుడు దీన్ని ప్రచురించాడు. మేము దీన్ని సి భాషలో నలభై వరుసల్లో రాసి, "సరిచూడు" అనే కమాండుగా నమోదు చేసి, లోడ్ చేశాం. నిజం చెప్పాలంటే ఈ పని టిసిఎల్‌లోనే రాసుకోవచ్చు, సి అవసరం లేదు. కావాలనే సిలో రాశాం.

ఆ రోజు మాకు కలిగిన ఆశ్చర్యం ఏమిటంటే, ఆ సి ఫైలులో మెయిన్ లేదు. మూడేళ్లుగా మెయిన్ లేనిదే సి ప్రోగ్రాము లేదని రాసి మార్కులు తెచ్చుకున్నాం. ఇక్కడ ఉన్నదల్లా రెండు ఫంక్షన్లు. ఒకటి, లోడ్ చేయగానే ఇంటర్‌ప్రెటరు పిలిచేది. అది "నా దగ్గర సరిచూడు అనే కమాండు ఉంది, రాసుకో" అని చెప్పి వెళ్లిపోతుంది. రెండోది, ఎవరైనా ఆ కమాండు పేరు ఎత్తినప్పుడు పిలిచేది. దానికి ఇచ్చిన సరుకు అందుతుంది, అది జవాబును ఇంటర్‌ప్రెటరు చేతిలో పెట్టి, బాగుందనో తప్పనో చెప్పి వస్తుంది. పిలిచే వరకు ఉంటుంది, పిలిస్తే పలుకుతుంది. విస్తరణ, ఈవెంటు రెండూ వేరు వేరు పాఠాలనుకున్నాం, తీరా చూస్తే రెండింటిలోనూ పిలిచేవాడు మనం కాదు. పగ్గాలు అవతలివాడి చేతిలో ఉంటాయి. మనం ఇచ్చేది ఒక పేరు, ఒక మాట.

ఇంకో తేడా కూడా అనుభవంలోకి వచ్చింది. స్క్రిప్టులో తప్పు చేస్తే ఒక సందేశం చూపించి ఊరుకుంటుంది. సి విస్తరణలో పాయింటరు తప్పు చేస్తే కిటికీతో సహా మొత్తం కూలిపోతుంది. మొదటి రాత్రి నాలుగుసార్లు కూలింది. పదకొండు అంకెలే ఇచ్చినప్పుడు ఏం చేయాలో మేము రాయలేదు. పంక్తిలో అందరితో సమానంగా కూర్చోబెట్టినవాడు విస్తరి తన్నితే అందరి అన్నమూ నేలపాలే.

తెలుగు రాసేవాళ్లకు ఒక చిన్న విషయం. 1999లో వచ్చిన 8.1 నుంచి టిసిఎల్ లోపల అక్షరాలన్నీ యూనికోడులో ఉంటాయి. కమాండు పేరు తెలుగులో పెట్టుకోగలిగింది అందుకే. "తెలుగు" అనే మాట పొడవెంత అని అడిగితే 6 అంటుంది. కంటికి మూడే అక్షరాలు కదా అని ఒక తమ్ముడు వాదించాడు. గుణింతపు గుర్తులను అది విడిగా లెక్కపెడుతుంది. ఆ వాదన ఒక ఆదివారమంతా సాగింది, ఆ రోజు వాడు నేర్చుకున్నది ఏ కోర్సులోనూ దొరకదు.

కాబట్టి అన్నలకు మా విన్నపం. ఆ 60,000 పన్నెండు మందికి పంచితే తలకు 5,000. మూడు నెలలకు ఆ డబ్బూ ఉండదు, ఆ పన్నెండు మందీ డిగ్రీ అయి వెళ్లిపోతారు. పదమూడోవాడికి ఏమీ మిగలదు. అదే డబ్బుతో స్టడీ హాల్లోని రెండు కంప్యూటర్లకు మెమొరీ వేయించి, పాడైన యూపీఎస్ బ్యాటరీ మార్పించి, ఇంకో రెండు పాత కంప్యూటర్లు కొంటే నలుగురు చొప్పున ప్రతి సాయంత్రం కూర్చోవచ్చు. టిసిఎల్‌కు ఖర్చు లేదు, పైథానుకూ లేదు. చెప్పడానికి మేము నెలకు రెండు ఆదివారాలు వస్తాం. పరీక్షల నెలలో రాలేం, అది ముందే చెబుతున్నాం.

భాష విషయంలో మాకు పట్టుదల లేదు. మొదటి నెల టిసిఎల్, తర్వాత జావాస్క్రిప్టు చెప్పమన్నా చెబుతాం. బ్రౌజరులో బటను నొక్కితే జరిగేదీ, 2009లో వచ్చిన నోడ్‌లో సర్వరు చేసేదీ ఇదే లూపు వ్యవహారం. ఒక్క షరతు. ప్రతివాడూ ఒక ప్రోగ్రాము ఈ హాస్టల్లో ఎవరో ఒకరికి నిజంగా పనికొచ్చేది రాయాలి, అది తప్పు చేస్తే ఎవరో ఒకరు వచ్చి మొహం మీద అడగాలి. వంటాయన అడిగినట్టు.

సర్టిఫికెటు ఉంటేనే రెజ్యూమె పైకి కదులుతుందన్న అన్నల మాటకు మా దగ్గర పూర్తి జవాబు లేదు. మొదటి వడపోతలో సర్టిఫికెట్లు చూసే చోట్లు ఉన్నాయి, అట్లా ఆగిపోయినవాళ్లు మాలోనే ఉన్నారు. అందుకోసం 60,000లో 10,000 పక్కన పెట్టి, పరీక్ష ఫీజు కట్టలేనివాళ్లకు ఇవ్వొచ్చు. ముందు నేర్చుకుని తర్వాత పరీక్ష రాస్తే అభ్యంతరం లేదు. వచ్చే సమావేశంలో దీని మీద చేతులెత్తించండి. ఈసారి భోజనాలకు ముందే.

చిప్పుల కంపెనీల్లో పనిచేస్తున్న అన్నలు ఒక ఆదివారం వచ్చి, తమ ఆఫీసులో టిసిఎల్‌తో ఏం చేస్తారో చెబితే మాకన్నా బాగా చెబుతారు. మెస్సు లెక్క, సరిచూడు ప్రోగ్రాములు రెండూ స్టడీ హాల్లో కిటికీ పక్కనున్న కంప్యూటరులో ఉన్నాయి, పెన్‌డ్రైవు తెచ్చుకుంటే ఎవరికైనా ఇస్తాం. మూడో గదివాళ్లు ఇప్పుడు బటను ఎన్నిసార్లు నొక్కినా ఫరవాలేదు.